కోట రాళ్ల వయసెంత? ప్రాణహిత లోయ డైనోసార్ల లెక్క ఎందుకు తెగట్లేదు

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ గురించి నెట్‌లో వెతికితే ఒకచోట 16 కోట్ల ఏళ్ల నాటిది అని ఉంటుంది, ఇంకోచోట 18 కోట్లు, మరోచోట 19, 20 కోట్ల దాకా వెళ్తుంది. ఒకే జంతువు, అవే ఎముకలు, తేడా మాత్రం దగ్గరదగ్గర 4 కోట్ల ఏళ్లు. ఇదేం చిన్న తేడా కాదు, మనిషి జాతి పుట్టి మొత్తం కలిపి 3 లక్షల ఏళ్లే అంటారు కాబట్టి ఆ 4 కోట్లలో మన చరిత్ర వంద సార్లకి పైనే పడుతుంది. రాసినవాళ్లు సరిగ్గా చూసుకోలేదులే అని వదిలేయొచ్చు, కొంత అదీ నిజమే, కానీ అసలు సంగతి ఏంటంటే ఆ ఎముకలు దొరికిన రాయి వయసే ఇంకా పూర్తిగా తేలలేదు. కోట ఫార్మేషన్ (ఫార్మేషన్ అంటే ఒకే పేరు కింద లెక్కేసే రాతి పొరల కట్ట) అనే ఆ రాయి మీద దాదాపు 170 ఏళ్లుగా జనం పని చేస్తున్నారు, ఇప్పటికీ దాని వయసు కొలిచి చెప్పిన అంకె కాదు, సాక్ష్యాలు పోల్చి చేసిన వాదన.

ఎందుకు కొలవలేరు అనేది ముందు చెప్పుకోవాలి. చాలామందికి వెంటనే గుర్తొచ్చేది కార్బన్ డేటింగ్. అది ఇక్కడ పనికిరాదు, కార్బన్ 14 ప్రతి 5,730 ఏళ్లకి సగం అయిపోతుంది, 50 వేల ఏళ్లు దాటాక కొలవడానికి చెప్పుకోదగ్గంత మిగలదు. కోట్ల ఏళ్లు తేల్చాలంటే అగ్నిపర్వతం బూడిద పొర ఒకటి రాళ్ల మధ్యలో దొరకాలి, ఆ బూడిదలో జిర్కాన్ అనే గింజలుంటాయి, వాటిలో యురేనియం ఎంత సీసంగా మారిందో చూసి అంకె చెప్తారు. చైనాలో, అర్జెంటీనాలో కొన్ని డైనోసార్ రాళ్లకి ఇలాగే తేల్చారు. కోటలో వయసు తేల్చడానికి ఆనుకోగలిగిన అలాంటి బూడిద పొర లేదు. ఇసుకరాయిలో కూడా జిర్కాన్లు ఉంటాయి కదా అనొచ్చు, ఉంటాయి, కానీ అవి ఎక్కడో పాత కొండలు అరిగి కొట్టుకొచ్చినవి, కాబట్టి "ఈ ఇసుక దీనికంటే పాతది కాదు" అని మాత్రమే చెప్తాయి, ఎంత కొత్తదో చెప్పవు.

రెండో దారి సముద్రపు శిలాజాలు. జురాసిక్ కాలాన్ని (సుమారు 20 కోట్ల నుంచి 14.5 కోట్ల ఏళ్ల కిందటిది) ముక్కలు ముక్కలుగా కోసి లెక్కపెట్టింది అమ్మోనైట్ల మీద ఆధారపడే. అమ్మోనైట్ అంటే కొత్త వస్తువేం కాదు, మన ఇళ్లలో పూజ గదిలో పెట్టే సాలగ్రామం అదే, గండకీ నదిలో దొరికే ఆ నల్లరాయి లోపలి చక్రం జురాసిక్ సముద్రంలో బతికిన జీవి గుల్ల. ఆ జాతులు తొందరతొందరగా మారిపోయేవి, సముద్రాలన్నిటిలో పాకేవి, అందుకే ఒక్క గుల్ల దొరికినా వయసు బాగా దగ్గరగా చెప్పేయొచ్చు. కోట మాత్రం నదులూ మంచినీటి చెరువులూ వేసిన మేట. అక్కడ అమ్మోనైట్ దొరకదు. కొలిచే రెండు పెద్ద సాధనాలూ లేకుండా పోయాయి, ఇక మిగిలింది చేపలు, ఎముకలు, పళ్లు, పుప్పొడి, వీటిని ఇంకో దేశంలో దొరికిన వాటితో పోల్చడం.

ఊరి సంగతి కొంచెం. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతుంది, అది తెలంగాణకీ మహారాష్ట్రకీ మధ్య సరిహద్దుగా పారి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ ప్రాణహితకి ఎడమ ఒడ్డున, సిరోంచకి కాస్త పైన, కోట అనే చిన్న ఊరుంది, పేరు తెలుగే, ఆ పక్కన తెలుగు మాట్లాడేవాళ్లు ఇప్పటికీ బోలెడు. రాయికి ఆ ఊరి పేరే పెట్టారు. రాయి మాత్రం ఊరితో ఆగదు, నది దాటి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోకి పట్టీలాగా సాగుతుంది. ఈ లోయలో రాతి పొరల పేర్లు కింద నుంచి పైకి చదివితే ఆర్టీసీ బస్సు బోర్డు చదివినట్టే ఉంటుంది: ఎర్రపల్లి, భీమారం, మాలేరి, ధర్మారం, కోట, గంగాపూర్, చికియాల. వీటన్నిటికీ బాగా అడుగున సింగరేణి బొగ్గు ఉన్న పర్మియన్ పొరలు, అవి 25 కోట్ల ఏళ్లకి పైబడినవి. ఈ మొత్తం రాళ్ల కుటుంబానికి గోండ్వానా అనే పేరు 1870లలో పెట్టారు, గోండుల నేల నుంచి తీసుకున్న పేరే, తర్వాత అదే దక్షిణ ఖండాలన్నీ కలిసున్నప్పటి మహాఖండానికి కూడా పేరైంది.

కోట నుంచి మొదట బయటికొచ్చింది డైనోసార్ కాదు, చేప. 1850ల మొదట్లో బెల్ అనే ఆయన కోట దగ్గర వేసిన బోరు గురించీ చుట్టుపక్కల రాళ్ల గురించీ లండన్ జియలాజికల్ సొసైటీకి రాసి పంపాడు, అక్కడి సున్నపురాయిలో దొరికిన చేపలు ఇంగ్లండ్ వెళ్లాయి, 1851లో ఒకదానికి లెపిడోటస్ దక్కనెన్సిస్ అని పేరు పెట్టారు, ఇప్పుడు లెపిడోటెస్ అని రాస్తున్నారు. మామూలు చేప పొలుసులా పల్చగా కాకుండా దీని పొలుసు మందంగా, పలకలాగా, పైన పింగాణీ పూత వేసినట్టు నిగనిగలాడుతూ ఉంటుంది, అందుకే అన్ని కోట్ల ఏళ్లైనా చెక్కుచెదరలేదు. దాంతోపాటే డపీడియం, టెట్రగోనోలెపిస్ లాంటి రకాలు కూడా దొరికాయి. ఇంగ్లండ్ వాళ్లకి ఇవి పాత చుట్టాల్లాగా కనిపించాయి, ఎందుకంటే వాళ్ల లైమ్ రీజిస్ తీరంలో, జర్మనీలో లయాస్ అనే తొలి జురాసిక్ రాళ్లలో ఇలాంటివే ఉన్నాయి. అక్కడితో కోట లయాస్ అయిపోయింది, అంటే ఇప్పటి లెక్కలో 20 కోట్ల ఏళ్ల నుంచి 17.5 కోట్ల ఏళ్ల మధ్య ఎక్కడో అన్నమాట. ఆ ముద్ర వంద ఏళ్లకి పైగా చెదరలేదు, 1881లో విలియం కింగ్ జియలాజికల్ సర్వే తరఫున ఈ లోయ మొత్తానికీ పెద్ద నివేదిక రాసిన తర్వాత కూడా కోట వయసుకి ప్రధాన సాక్షులు ఆ చేపలే.

ఇక్కడే మొదటి చిక్కు ఉంది. లెపిడోటెస్ అనేది చాలాకాలం పాటు ఒక గంపలాంటి పేరు, మందపు పొలుసు చేప ఏది దొరికినా అందులో పడేసేవారు, అందుకే ఆ పేరుతో తొలి జురాసిక్ నుంచి దాని తర్వాతి కాలమైన క్రెటేషియస్ దాకా చేపలు కనిపిస్తాయి. పైగా యూరప్‌వి సముద్రపు రాళ్లు, కోటది చెరువు. సముద్రంలో అంతరించిన రకం ఎక్కడో లోతట్టు చెరువుల్లో ఇంకో కోటి ఏళ్లు బతికి ఉండొచ్చు, అది అరుదేం కాదు. మూడు నాలుగు రకాలు కలిసి దొరికాయి కాబట్టి చేపల సాక్ష్యం పూర్తిగా కొట్టేయలేం, కానీ దాని మీద ఒక్కదాని మీదే ఇల్లు కట్టకూడదు.

డైనోసార్ల కథ 1950ల చివర్లో మొదలవుతుంది, అదీ ఎవరూ ఊహించని చోట నుంచి. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అంటే లెక్కల సంస్థ, దాన్ని పెట్టిన మహలనోబిస్ లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే పాలియంటాలజిస్ట్‌ని, అంటే శిలాజాల శాస్త్రవేత్తని, పిలిపించి ఒక భూగర్భ విభాగం మొదలుపెట్టించారు, ఆ విభాగం కుర్రాళ్లు నేరుగా వచ్చి దిగింది ప్రాణహిత లోయలోనే. పోచంపల్లి అనే ఊరి దగ్గర (చీరల పోచంపల్లి కాదు, ఇది ప్రాణహిత వైపు పోచంపల్లి) 1960, 61లలో సుమారు 300 ఎముకలు తవ్వి తీశారు. కనీసం 6 జంతువులవి. పెద్ద పెద్ద చెట్ల మొద్దులు, అవి కూడా రాయిగా మారినవి, ఎముకలతో కలిసిపోయి పడి ఉన్నాయి. దీన్నిబట్టి వరదలో ఒక మంద చచ్చిపోయి, చెట్లతో పాటే కొట్టుకొచ్చి ఒకచోట మేటేసిందని ఊహించారు, గోదావరి వరదల్లో దుంగలు కొట్టుకురావడం చూసిన వాళ్లకి ఇది ఊహించుకోవడం కష్టమేం కాదు.

ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్లు, అంటే మామూలు మనిషి ఎత్తు. అందుకే బెంగాలీలో పెద్ద కాలు అనే అర్థం వచ్చేట్టు బరపాసారస్ అని, ఆ ఏడాది రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి కాబట్టి టాగోరై అని పేరు పెట్టారు. పేరుతో శాస్త్రీయంగా ప్రకటించింది 1975లో, అంటే తవ్వాక పద్నాలుగేళ్లకి. జంతువు పొడవు 14 మీటర్ల దాకా ఉంటుందని అంచనా. తల మాత్రం దొరకలేదు, మూడు పళ్లు దొరికాయి, చెంచా ఆకారంలో అంచున గరుకు పళ్లతో. సౌరోపాడ్‌లకి, అంటే ఇలాంటి పొడవు మెడ పెద్ద డైనోసార్లకి, మెడ చివర పుర్రె చాలా సన్నగా అతుక్కుని ఉంటుంది, చావగానే ముందు ఊడిపోయేది అదే, కాబట్టి కలకత్తాలో నిలబెట్టిన అస్థిపంజరానికి కనిపించే తల ఊహించి చేసిందే. కోటసారస్ సంగతీ ఇంతే.

కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ 1970ల చివర్లో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది, జియలాజికల్ సర్వేకి చెందిన పి. యాదగిరి 1988లో పేరు పెట్టారు. ఇక్కడ ఎముకల ముక్కలు 840, కనీసం 12 జంతువులవి, బరపాసారస్ కంటే చిన్నది, 9 మీటర్ల వరకు. పేరులో కోట, యామన్‌పల్లి రెండూ ఉన్నాయి, ఒకటి రాయి పేరు, రెండోది దొరికిన ఊరు. శరీర నిర్మాణం చూస్తే ఇది బరపాసారస్ కంటే పాత పోకడ, బరపాసారస్ వెన్నుపూసల్లో లోపల గుల్లలు తొలిచి బరువు తగ్గించిన పని కనిపిస్తుంది, కోటసారస్‌లో వెన్ను ఇంకా సాదాగా ఉంటుంది. తర్వాత వచ్చిన పెద్ద సౌరోపాడ్‌లు అంత పెద్దవవడానికి ఆ గుల్ల వెన్ను ఒక ముఖ్య కారణం కాబట్టి, ఈ రెండిటినీ పక్కపక్కన పెడితే ఆ మార్పు మొదలవుతున్న దశ కనిపిస్తుంది. కోటకి ప్రపంచంలో విలువ వచ్చింది దీని వల్లే. తొలి జురాసిక్ సౌరోపాడ్‌లు ఎక్కడా ఎక్కువ లేవు, జింబాబ్వేలో వల్కనోడాన్, మొరాకోలో తజౌడాసారస్, చైనాలో ఇంకో రెండు మూడు, అవీ చాలావరకు అరకొరే.

ఇక అసలు మెలిక. ఇలాంటి "పాత పోకడ" డైనోసార్లు దొరికాయి కాబట్టి రాయి తొలి జురాసిక్ అని ఒకరంటారు, రాయి తొలి జురాసిక్ కాబట్టి ఇవి సౌరోపాడ్‌లలో మొదటి తరం అని ఇంకొకరు రాస్తారు. నువ్వు నాకు సాక్షి, నేను నీకు సాక్షి. పాత పోకడ జంతువు తర్వాతి కాలంలో కూడా బతకొచ్చు, న్యూజిలాండ్‌లో బల్లిలా కనిపించే టువటారా ఇవాళ్టికీ బతికే ఉంది కదా, దాని చుట్టాలంతా ఎప్పుడో పోయారు.

ఈ గొడవలో జనం ఎక్కువగా మర్చిపోయేది ఇంకోటి, కోట ఫార్మేషన్ అంటే ఒకే ముద్ద కాదు. కింద భాగం ఇసుకరాయి, ఎర్రమట్టి, ఇది నదుల పని, పెద్ద డైనోసార్ ఎముకలు ఇందులోవి. పై భాగంలో పల్చటి పొరల సున్నపురాయి, బంకమట్టి వస్తాయి, ఇది నిలవనీటి చెరువుల పని, చేపలు, పురుగులు, ఆస్ట్రకోడ్‌లు (గుల్లలో ఉండే బుల్లి నీటి జీవులు), బుల్లి క్షీరదాల పళ్లు దొరికేది ఇక్కడ. అంటే 170 ఏళ్లుగా చేపలతో వయసు చెప్తున్నది పై భాగానికి, దాన్ని తీసుకెళ్లి కింది భాగంలోని డైనోసార్‌కి అంటిస్తున్నారు. రెండూ ఒకదాని మీద ఒకటి వెంటనే పడ్డాయా, మధ్యలో ఎంత ఖాళీ ఉంది అనేది వేరే ప్రశ్న. ఇప్పుడు చాలామంది కింది భాగాన్ని తొలి జురాసిక్ మొదటి సగంలోనూ, పై భాగాన్ని దాని చివర్లోనో మధ్య జురాసిక్ మొదట్లోనో పెడుతున్నారు, ఉన్నవాటిలో ఇదే కాస్త నమ్మదగిన లెక్క అనిపిస్తుంది, ఎందుకంటే కిందనున్న ధర్మారం పొర పైభాగంలో దొరికిన లాంఫ్లూసారా లాంటి జంతువులు కూడా తొలి జురాసిక్ వైపే చూపిస్తాయి, కోట దానికంటే కొత్తదిగా ఉండాలి. మీదున్న గంగాపూర్ పొర తొలి క్రెటేషియస్ అని మొక్కల శిలాజాలు చెప్తాయి, అంటే 14.5 కోట్ల ఏళ్ల ఇవతల. కోట ఈ రెండిటి మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, కిందా పైనా గోడలు ఉన్నాయి కానీ గది మరీ పెద్దది.

ఆ గదిలో కోటని పైకి జరపాలనే వాదన బలం పుంజుకున్నది చిన్న శిలాజాల వల్ల. పెద్ద ఎముకలకి పార, పలుగు కావాలి, వీటికి జల్లెడ కావాలి. కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన దగ్గర పైకాసిగూడెంలో బంకమట్టిని బస్తాలకొద్దీ తీసి, నానబెట్టి, సన్న జల్లెడల్లో కడిగి, మిగిలిన మడ్డిని మైక్రోస్కోప్ కింద గింజ గింజా ఏరితే ఒక మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల పళ్లు బయటపడతాయి. గోలేటిలో సింగరేణి బొగ్గు తీస్తున్న మండలం ఇదే. 1981లో వచ్చిన కోటాథీరియం హాల్డనీ వీటిలో ముందుది, జన్యు శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ పేరు మీద, ఆయన కూడా కొంతకాలం ఆ కలకత్తా సంస్థలోనే పనిచేశారు. తర్వాత యాదగిరి ఇండోథీరియం, త్రిశూలోథీరియం, నాకునోడాన్ ప్రకటించారు, త్రిశూలం పేరు పంటి మీద మూడు మొనల వల్ల వచ్చిందని చూడగానే అర్థమవుతుంది. 2002లో వచ్చిన ఒక క్షీరదానికి పైకాసిగూడోడాన్ యాదగిరియై అని ఊరి పేరూ ఆయన పేరూ కలిపి పెట్టారు. తెలుగు ఊళ్ల పేర్లు ఇన్ని లాటిన్ తోకలతో తిరగడం ఇంకెక్కడా కనిపించదేమో.

ఇప్పుడు ఈ పళ్లు ఏం చెప్తున్నాయి. కొన్ని చాలా పాతకాలపు రకాలు, జురాసిక్‌కి ముందుదైన ట్రయాసిక్ చివర, జురాసిక్ మొదట్లో ఉండాల్సినవి. కొన్ని మాత్రం కొత్త పోకడ. డిస్క్రిటోడాన్ అనే రకం మొదట మొరాకోలో దొరికింది, ఆ రాళ్లని క్రెటేషియస్ మొదట్లోవి అనుకున్నారు. 2013లో ప్రకటించిన ఇండోబాటార్ మల్టీట్యుబర్క్యులేట్ అనే గుంపుది, ఎలుకల్లాంటి ఈ గుంపు ప్రపంచంలో నికరంగా కనిపించేది మధ్య జురాసిక్ నుంచే, అందులో ఇండోబాటార్‌ని పెట్టిన కుటుంబం చుట్టాలైతే ఎక్కువగా క్రెటేషియస్ వాళ్లు. ఆస్ట్రకోడ్‌లు చూసిన వాళ్లు 1970లలోనే మధ్య జురాసిక్ అన్నారు, పుప్పొడి చూసిన వాళ్లు 2001లో ఇంకా పైకి జరిపి క్రెటేషియస్ మొదటి దాకా కూడా వెళ్లొచ్చన్నారు.

ఇందులో ప్రతిదానికీ తిరుగు జవాబుంది. ఆస్ట్రకోడ్‌లలో డార్విన్యులా లాంటి మంచినీటి రకాలు కోట్ల ఏళ్లు పెద్దగా మారకుండా నడిచాయి, వాటితో వయసు చెప్పడమంటే బొద్దింకని చూసి క్యాలెండర్ తేదీ చెప్పినట్టే. పుప్పొడి గాలికీ నీటికీ ఎక్కడికైనా వెళ్తుంది, పైపొర నుంచి కిందికి చేరే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. క్షీరదాల విషయంలో ఇంకో లోపం ఉంది, దక్షిణ ఖండాల్లో జురాసిక్ క్షీరదాలు బాగా తక్కువ దొరికాయి, కాబట్టి "ఇది ఫలానా కాలం నుంచే ఉంది" అనే లెక్క ఎక్కువగా యూరప్, అమెరికా, చైనా రాళ్ల మీద కట్టింది. ఆ గుంపు ముందు ఇక్కడే పుట్టి తర్వాత అటు వెళ్లి ఉంటే? అప్పటికి ఇండియా, మడగాస్కర్, ఆఫ్రికా, అంటార్కిటికా అన్నీ ఒకే నేల, నడిచి వెళ్లడానికి అడ్డేమీ లేదు. అయినా సరే, ఒక్క పన్ను కాదు, వేర్వేరు రకాల సాక్ష్యాలు పై భాగాన్ని కొంచెం కొత్త వైపుకే లాగుతున్నాయి, దాన్ని మొండిగా కాదనడం కూడా సరికాదు. కాకపోతే పై భాగం మధ్య జురాసిక్ అని తేలినంత మాత్రాన బరపాసారస్ దానంతటదే మధ్య జురాసిక్ అయిపోదు, అది పడుకున్నది కింద. నెట్‌లో కనిపించే 16 కోట్ల అంకెని చూస్తే ఈ తేడా ఎక్కడో జారిపోయినట్టుంది.

ఇంకో పొరపాటు కూడా తరచూ కనిపిస్తుంది, కోట డైనోసార్లని దక్కన్ లావా వచ్చినప్పటి డైనోసార్లతో కలిపేయడం. రాజాసారస్, ఐసిసారస్ అవన్నీ మధ్య భారతంలోని లామెటా అనే రాళ్లవి, సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటివి, డైనోసార్ల ఆఖరి రోజులు. వయసు గొడవలో ఏ పక్కన నిలబడినా కోటకీ వాటికీ మధ్య కోట్ల కోట్ల ఏళ్ల దూరం ఉంది, బరపాసారస్‌కి ఐసిసారస్ ఎంత దూరమో ఐసిసారస్‌కి మనం అంత దూరం కూడా కాదు.

వయసు తేలితే ఏం మారుతుంది అంటే, బల్లుల లెక్క ఒక్కటి చూస్తే చాలు. అదే పైకాసిగూడెం మట్టిలో గోదావరిసారస్, రెబ్బనసారస్ అనే రెండు దొరికాయి, ఇవి ఇందాక చెప్పిన టువటారా గుంపువి, 2001లో పేర్లు పెట్టారు. మరుసటి ఏడాది భారతగామా రెబ్బనెన్సిస్ వచ్చింది. దవడ ఎముక అంచుకి పళ్లు అతికి ఉన్న తీరు చూసి ఇది అగామిడ్‌ల వైపు బల్లి అన్నారు, అంటే మన పెరటి కంచె మీద తల ఊపే తొండ, ఊసరవెల్లి ఉన్న వంశం. అది నిజమై, రాయి తొలి జురాసిక్‌కి గానీ మధ్య జురాసిక్‌కి గానీ చెందితే, ఆ వంశంలో ప్రపంచంలోకెల్లా పాత సాక్ష్యం రెబ్బెనదే అవుతుంది, మిగతా చోట్ల దొరికినవి దానికంటే చాలా కొత్తవి. అదే రాయి క్రెటేషియస్ మొదటికి జరిగితే ఈ ప్రత్యేకత చాలావరకు పోతుంది. ఆ తర్వాత కొందరు ఇంకో అనుమానం కూడా లేపారు, టువటారా గుంపులోనూ పళ్లు ఇలాగే అంచుకి అతుక్కుంటాయి, కాబట్టి ఇది అసలు తొండల వంశమే కాకపోవచ్చని. దొరికినవన్నీ విరిగిన దవడ ముక్కలే, పూర్తి పుర్రె ఒక్కటి దొరికితే ఆ సగం గొడవ తెగుతుంది. మిగతా సగం తెగాలంటే పుర్రెతో కాదు, కింది ఇసుకరాయికీ పై సున్నపురాయికీ మధ్య ఎక్కడైనా ఒక వేలెడు మందం బూడిద పొర కావాలి.